మా మేనత్త ఎవరినీ క్షమించలేదు

మా మేనత్త పోయింది. కంకిపాడులో ఆమె ఇంటి కింది వాటాలో ఉంటూ ఆమెని చూసుకునే అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మగారు ఎంత పిలిచినా లేవట్లేదు" అంది. ఆ గొంతులోనే నాకు అర్థమైపోయింది. పటమట నుంచి కంకిపాడు ఎంత దూరమని, కానీ ఆ రోజు ఆటో కదిలినట్టే అనిపించలేదు. వెళ్ళేసరికి అత్తయ్య గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని, ఎవరిమీదో అలిగి పడుకున్నట్టే ఉంది. ఎనభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి. ఎప్పుడు పుట్టిందో ఆమెకే సరిగ్గా తెలియదు.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. ఎంత ప్రశాంతంగా వెళ్ళిపోయిందో, ఎవరిమీదా ఏ కోపమూ పెట్టుకోకుండా వెళ్ళిపోయింది అని. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆమె తన కోపాలన్నీ పెట్టుకునే వెళ్ళింది. ఒక్కటి కూడా ఇక్కడ వదల్లేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అత్తయ్య కోపం ఆవకాయలాంటిది, ఏళ్ళ తరబడి నిల్వ ఉండేది. ఒకప్పుడు పాలలో నీళ్ళు కలిపాడని ఒక పాలవాడిని మానిపించింది. అతను పోయాడు, అతని కొడుకు పాలు పొయ్యడం మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి చిక్కటి పాలే పోసేవాడు పాపం. అయినా గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీ నాన్న కలిపిన నీళ్ళు నేను మర్చిపోలేదబ్బాయ్" అని ఒకసారి గుర్తుచేసిగానీ పోయించుకునేది కాదు. నేను పక్కనుంచి, "ఎందుకత్తా, వాడేం చేశాడు?" అంటే, "వాడేం చెయ్యలేదు. తెలుసుకుని ఉంటే మంచిదని చెప్తున్నా" అనేది.

బెజవాడలో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేరి, మగవాళ్ళ వార్డుకి హెడ్ సిస్టరై రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "పిల్లల్ని కని ఎవడి చేతిలో పెట్టమంటారు?" అనేది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే మా నాన్న నన్ను తన అక్క దగ్గర వదిలిపెట్టాడు. అందుకని నా చదువంతా ఆసుపత్రి క్వార్టర్స్‌లోనే సాగింది. గంజి పెట్టిన తెల్లచీర గరగరమంటుంటే ఆమె డ్యూటీ నుంచి వస్తోందని నాకు వీధి మలుపులోనే తెలిసేది. నేను పుస్తకం మూసి కూర్చుంటే ఊరుకునేది కాదు. "నిన్ను ఏ గేటు దగ్గరా ఆపి, ఎవతివే నువ్వు అని అడిగే రోజు రాకూడదు. చదువు" అనేది. కాలేజీలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి మొన్ననే రిటైరయ్యాను. ఏ గేటు దగ్గరా నన్నెవరూ ఆపలేదు. అది ఆమె పుణ్యమే.

ఆదివారం మా ఏసుప్రభువు గుడికి తప్పకుండా వెళ్ళేది. పాటలు గొంతెత్తి పాడేది. కానీ పరలోక ప్రార్థనలో మేం ఇతరులను క్షమించినట్టే అనే మాట వచ్చేసరికి నోరు మూసేసుకునేది. పెదాలు గట్టిగా బిగించి, ఆ ఒక్క వాక్యం దాటిపోయాక మళ్ళీ అందుకునేది. చిన్నప్పుడు నేను పక్కన నిలబడి అది గమనించి అడిగాను. "క్షమించడం దేవుడి ఉద్యోగం. ఆయన పనిలో నేనెందుకు వేలుపెట్టాలి? అబద్ధమాడితే ఆయనకే కోపం" అంది. తర్వాత తర్వాత నేను కూడా ఆ వాక్యం దగ్గర ఆగడం నేర్చుకున్నాను.

మా ఆయనకి ఇబ్రహీంపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు మేం అక్కడ కాపురం పెట్టాం. అత్తయ్య నాలుగు రోజులుందామని వచ్చింది. మొదటిరోజు అన్నం తింటుండగా ఎక్కడో సైరన్ మోగింది. ఆమె తింటున్న ముద్ద కంచంలో వదిలేసి లేచి నిలబడింది. నడుం నిటారుగా, చేతులు రెండూ పక్కలకి, కళ్ళు ఎదుటి గోడమీద. మా ఆయన బిత్తరపోయాడు. సైరన్ ఆగాక తనేం చేసిందో ఆమెకే తెలిసింది. మొహం ఎర్రబడింది. "దొంగముండాకొడుకులు. ఇంకా నా వంట్లోంచి పోలేదు" అంది. ఆ సాయంత్రమే సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. మేం పటమట మారేదాకా మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు.

ఆమె వంట్లో ఉండిపోయిందేమిటో చెప్పాలి. మేం ఎరుకలవాళ్ళం. తెల్లదొరల కాలంలో మా కులం కులాన్నే పుట్టుకతో దొంగలని చట్టం రాశారు. బుట్టలు అల్లుకునేవాడైనా, పందుల్ని మేపుకునేవాడైనా, కడుపులో ఉన్న పిల్లయినా సరే, దొంగే. అలా రాసి, డెల్టాలో ఒక కాలవ పక్కన ముళ్ళకంచె కట్టి, మా వాళ్ళని పిల్లాజెల్లాతో సహా అందులోకి తోలారు. దానికి సెటిల్మెంటు అని పేరు. పుట్టిన కులాన్ని చూసి మనుషుల్ని కంచె లోపల పెడితే, వేరే దేశాల్లో దానికి కాన్సంట్రేషన్ క్యాంపు అని పేరు పెట్టి, పుస్తకాలు రాసి, పిల్లలకి పాఠం చెప్తారు. మన దగ్గర సెటిల్మెంటు అనే పేరు ఎంత బాగుందో చూడండి, అదేదో స్థలాలిచ్చి ఇళ్ళు కట్టించినట్టు.

మా అత్తయ్య ఆ కంచె లోపలే పుట్టింది. గంట కొడితే లేవాలి, సైరన్ మోగితే వరసలో నిలబడి పేరు పిలిస్తే పలకాలి. పెద్దవాళ్ళని పొలం పనులకి మందలా తోలుకెళ్ళి, సాయంత్రం లెక్కపెట్టి లోపలికి తోలేవాళ్ళు. కాస్త నడక వచ్చిన పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాగేసి, లోపల ఇంకో కంచె వేసిన రేకుల షెడ్డులో పెట్టేవాళ్ళు. పెద్దవాళ్ళ దొంగబుద్ధులు పిల్లలకి అంటకుండా ఉండాలట. ఇంట్లో మాట్లాడుకునే మా భాష మాట్లాడితే అరచేతుల మీద కొట్టేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక గంట కొట్టి ఆ లోపలి గేటు తీస్తే, అప్పుడు తల్లులు వచ్చి పిల్లల్ని చూసుకోవాలి. ఆ గేటు తాళం కాపలావాళ్ళకి పెద్దయిన ఒక జమేదారు దగ్గరుండేది. అతను తెల్లవాడు కాదు. "చట్టం తెల్లవాడు రాశాడే. తాళం మాత్రం మనోడి చేతిలోనే ఉంది" అనేది అత్తయ్య. చట్టం రాసినవాడికంటే ఆ తాళం పట్టుకున్నవాడంటేనే ఆమెకి ఎక్కువ మంట.

అత్తయ్యకి ఎనిమిదేళ్ళప్పుడు, షెడ్డులో తన పక్కనే పడుకునే చెల్లికి జ్వరం వచ్చింది. చెల్లికి నాలుగో ఐదో ఏళ్ళు. ఒళ్ళు కాలిపోతూ, అమ్మా అమ్మా అని మా భాషలో పలవరించేది. ఎవరో చెప్తే మా నాయనమ్మ పొలం నుంచి వచ్చినదల్లా తిన్నగా లోపలి గేటు దగ్గరికి పరిగెత్తింది. జమేదారు కాళ్ళు పట్టుకుంది. "ఒక్కసారి చూసి పోతానయ్యా" అంది. "టైము కాలేదు. ఆదివారం గంట కొట్టాక రా" అన్నాడు. మర్నాడు పనికి పోకుండా, కొట్టినా కదలకుండా, ఆ కంచె పట్టుకునే నిలబడింది.

షెడ్డు కిటికీ ఎత్తుగా ఉండేది. అత్తయ్య బకెట్ బోర్లించి, దాని మీదకెక్కి, చెల్లిని రెండు చేతులతో ఎత్తి కిటికీలో పట్టుకుంది, అమ్మకి కనపడాలని. చేతులు పడిపోతే దించడం, మళ్ళీ ఎత్తడం. అవతల్నుంచి నాయనమ్మ చెయ్యి ఊపేది. శనివారం మధ్యాహ్నం అలా ఎత్తి పట్టుకుని ఉండగానే ఆ పిల్ల ప్రాణం పోయింది. పోయిందని అత్తయ్యకి తెలియలేదు. నిద్రపోయిందనుకుని ఇంకా అలాగే పట్టుకుని ఉంది. అవతల నాయనమ్మకి మాత్రం తెలిసిపోయింది. ఆ కేక తను బతికినన్నాళ్ళూ మర్చిపోలేనంది అత్తయ్య. జమేదారు అప్పుడు కూడా గేటు తియ్యలేదు. ఆదివారం గంట కొట్టాక తీసి, "ఇక రా, చూసుకో" అన్నాడు. అప్పటికే పిల్లని కాలవ గట్టున పూడ్చేశారు.

తర్వాత దొరలు పోయారు, చట్టమూ పోయింది, గేట్లు తీశారు. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇదంతా అత్తయ్య నాకు ఒక్కసారే చెప్పింది. నేను కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన కొత్తలో, ఒక క్రిస్మస్ మర్నాడు. ఆమెకి ప్రతి క్రిస్మస్‌కీ ఒకాయన పెద్ద కేకు పంపేవాడు, దాంతోపాటు ఒక చీర. చీర విప్పకుండా వీధి ఊడ్చే ఆమెకి ఇచ్చేసేది. కేకు కుక్కలకి పెట్టేది. ఆ వీధి కుక్కలు క్రిస్మస్ కోసం మనకన్నా ఎక్కువ ఎదురుచూసేవి. "మనిషి తినేది కుక్కలకెందుకత్తా?" అని అడిగాను. ఆమె గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. తలెత్తకుండానే మొదలుపెట్టి, చిక్కుళ్ళు అయిపోయేదాకా చెప్పింది.

ఆ కేకు పంపేది జమేదారు కొడుకు.

అత్తయ్య హెడ్ సిస్టరుగా ఉన్నప్పుడు ఆమె వార్డుకి పక్షవాతం వచ్చిన ఒక ముసలాయన్ని తెచ్చారు. పేరు చూసింది, ఊరు చూసింది, మొహం చూసింది. అతనే. అన్ని వందలమంది పిల్లల్లో ఒక పిల్ల అతనికేం గుర్తుంటుంది? తనే చెప్పింది. "తాతగారూ, రేకుల షెడ్డు కిటికీలో చెల్లిని ఎత్తి పట్టుకున్న పిల్లని నేనే" అంది. అతనికి నోరు వంకరపోయినా మాట వచ్చేది. "అప్పుడు రూలు అలా ఉండేదమ్మా. నాదేముంది?" అన్నాడు. "అవునండీ. నాకూ ఇక్కడ రూల్సున్నాయి" అంది అత్తయ్య.

అతన్ని చాలా బాగా చూసుకుంది. అందులో అబద్ధం లేదు. పక్కలు మార్చి పడుకోబెట్టింది, ఒంటిమీద ఒక్క పుండు పడనివ్వలేదు, మందు ఒక్క పూట తప్పనివ్వలేదు. "చావనిస్తానా? వాడు బతికి ఉండాలి, నేనెవరో తెలిసి ఉండాలి" అంది నాతో. పొద్దున్నే వెళ్ళి అతని మంచం పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచేది. అతను హాజరు పలికాకే ముఖం కడిగేది. తోటి నర్సులు ఆమె సేవకి మురిసిపోయేవాళ్ళు.

ఆ వార్డులో సాయంత్రం నాలుగింటికి చూడ్డానికి వదిలేవాళ్ళు. ఎవరికైనా ఇక ఆఖరని తెలిస్తే, హెడ్ సిస్టరు తల ఊపితే చాలు, ఏ వేళైనా లోపలికి పంపేవాళ్ళు. అత్తయ్య అందరికీ తల ఊపేది. రిక్షా తొక్కేవాళ్ళ పెళ్ళాలకి, పొలం నుంచి బురదకాళ్ళతో వచ్చినవాళ్ళకి, ఎవరికీ ఎప్పుడూ కాదనలేదు. ఒక మధ్యాహ్నం ముసలాయనకి ఊపిరి ఎగశ్వాస అయింది. అప్పుడే కొడుకు వచ్చాడు. కుర్రవాడే, ముప్పై ఏళ్ళుంటాయేమో. వార్డు తలుపు దగ్గర నిలబడి, "సిస్టరుగారూ, ఒక్కసారి చూసి వచ్చేస్తానండీ" అన్నాడు. లోపల తండ్రికి ఆ గొంతు వినిపించింది. కొడుకుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. అత్తయ్య తలుపుకి అడ్డంగా నిలబడి, "టైము కాలేదు బాబూ" అంది.

కొడుకు వరండాలో బల్లమీద కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి తండ్రి పక్కన కూర్చుంది. నాలుగవకముందే అతను పోయాడు. నాలుగింటికి తలుపు తీసి కొడుకుని పిలిచింది. అతను ఏడ్చి, ఆమె కాళ్ళమీద పడి, "ఆఖర్న మీరున్నారండీ, అంతే చాలు" అన్నాడు. "ఉన్నాను" అంది. అప్పట్నుంచే కేకులు.

చెప్పడం అయ్యాక నేను అడిగాను. "బాధ లేదా అత్తా?" ఆమె చిక్కుళ్ళ గిన్నె తీసుకుని లేచింది. "ఆ రోజు రాత్రి నా చేతులు నొప్పెట్టలేదే. ఎనిమిదేళ్ళప్పట్నుంచీ నొప్పెడుతూనే ఉన్నాయి. ఆ ఒక్క రాత్రి ఆగాయి" అంది.

ఆ కొడుకే ఇప్పుడు మా గుడి సంఘంలో పెద్ద. డెబ్భై దాటాయి. పెద్దాయన అంటారు అందరూ. చెడ్డవాడేం కాదు, అది కూడా చెప్పాలి. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందుంటాడు. అత్తయ్య తన తండ్రికి చేసిన సేవ గురించి గుడిలో చాలాసార్లు సాక్ష్యం చెప్పాడు. అప్పుడల్లా ఆమె ముందుబెంచీలో కూర్చుని రాయిలా వినేది. ఈ వేసవిలో మంచాన పడ్డాక నన్ను పిలిచి, "నేను పోయాక జ్ఞాపకార్థ కూడికలో వాడు లేస్తాడే. నేను వాడి నాన్నని క్షమించానని చెప్తాడు. చెప్పనియ్యకు. ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను మంచిదాన్ని చేసి పూడ్చకండి" అంది.

"నువ్వే చెప్పొచ్చుగా, ఇన్నేళ్ళు ఎందుకు ఆగావు?" అన్నాను.

"బతికుండగా చెప్తే ఏడుస్తాడు. క్షమించమని అడుగుతాడు. అప్పుడు నేను ఏదో ఒకటి అనాల్సొస్తుంది. పోయాక చెప్తే, అడగడానికి నేనుండను."

ఇంత లోతుగా ఆలోచించి పగ పట్టగలిగిన మనిషిని నేనింకొకరిని చూడలేదు. నాకు భయం వేసింది, గర్వంగానూ అనిపించింది. సరేనన్నాను.

జ్ఞాపకార్థ కూడిక మా పటమట ఇంటి ముందు షామియానా వేసి పెట్టాం. గుడి అయ్యగారు వాక్యం చెప్పి, సాక్ష్యం చెప్పేవాళ్ళని రమ్మన్నారు. ఆమె అన్నట్టే ముందు పెద్దాయనే లేచాడు. మైకు అందుకున్నాడు.

"మా నాన్నగారు ఒకప్పుడు సెటిల్మెంటులో జమేదారండీ. సిస్టరుగారు అక్కడే పుట్టారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అన్నీ మనసులో పెట్టుకుని ఉండొచ్చు. కానీ ఆవిడ మా నాన్నగారిని కన్నకూతురిలా చూసుకున్నారు. క్షమించడమంటే ఏంటో ఆవిడని చూసి నేర్చుకున్నానండీ."

అందరూ ఆమెన్ అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"మా అత్తయ్య మీ నాన్నగారిని క్షమించలేదండీ" అన్నాను.

అయ్యగారు కంగారుపడ్డారు. "అమ్మా, దుఃఖంలో ఉన్నావు, కూర్చో" అన్నారు.

"దుఃఖంలో లేనండీ. కోపంలో ఉన్నాను. చెప్పనివ్వండి" అన్నాను.

అన్నీ చెప్పాను. కిటికీ చెప్పాను, బకెట్ చెప్పాను, ఆదివారం గంట చెప్పాను. ఆ మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గర జరిగింది చెప్పాను. క్లాసులో లెక్క విప్పినట్టే చెప్పాను. వెనక వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపి వింటున్నారు. పెద్దాయన కూర్చోవడం మర్చిపోయి నిలబడే ఉన్నాడు. మైకు ఎవరో తీసుకున్నారు. ఆయన చేతులు మాత్రం అలాగే పట్టుకున్నట్టే ఉన్నాయి.

నాకు సంతోషం వేసింది. దాచను. ఎన్నాళ్ళనుంచో గుచ్చుకుని ఉన్న ముల్లు ఊడి వచ్చినట్టుంది. అత్తయ్య మామూలుగా ముందుబెంచీలో కూర్చుని ఉంటే ఎలా ఉండేదో అనుకున్నాను. అయ్యగారు తొందరతొందరగా ప్రార్థన చేశారు. అందులో ఆ వాక్యం దగ్గర నేను నోరు మూసుకున్నాను. చుట్టూ చూస్తే ఇంకో ఇద్దరు ముగ్గురు మా వాళ్ళు కూడా మూసుకున్నారు.

భోజనాలకి లేచారు. పెద్దాయన తినకుండా బయటికి వెళ్తుంటే, పద్ధతి కాబట్టి గుమ్మం దాకా వెళ్ళాను. చెప్పుల గుట్టలో తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒకటి దొరికింది, తొడుక్కున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండునని నాకనిపించింది.

"ఒక్క మాట అడుగుతానమ్మా. ఆ రోజు మా నాన్నగారు నన్ను పిలవడం నాకు వినిపించింది. బల్లమీద కూర్చున్నాక ఇంకేం వినపడలేదు. ఆఖర్న నాకేమైనా చెప్పమన్నారా? సిస్టరుగారు నీకేమైనా చెప్పారా?"

చెప్పింది. ముసలాయన అత్తయ్య చెయ్యి పట్టుకుని, మావాడికి ఇది చెప్పమ్మా అని ఒక మాట అన్నాడు. ఒకటే మాట. ఆమె దాన్ని నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచి, ఈ వేసవిలో నాకిచ్చింది. "ఇస్తావో మానతావో నీ ఇష్టం" అంది. ఇది చదివేవాళ్ళకి కూడా ఆ మాట చెప్పను.

ఆయన అలా చూస్తూ ఉండగా మా నాయనమ్మ గుర్తొచ్చింది. పోతూ పోతూ ఆ చిన్నపిల్ల ఏమందని ఆమె తను చచ్చేదాకా అత్తయ్యని అడిగేదట. చెప్పడానికి అత్తయ్య దగ్గర ఏమీ లేదు.

"నాకేం తెలియదండీ" అన్నాను.

నాకు తెలుసని ఆయనకి అర్థమైంది. లోపల్నుంచి మా ఆయన వడ్డనకి రమ్మని పిలిస్తే వెళ్ళిపోయాను. రెండు బంతులు లేచాక చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి చూశాను. ఒక కాలికి చెప్పుతో, రెండో కాలు ఎండకి కాలిన సిమెంటు మీద పెట్టి, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.